పునాది కింద మూడు పంపులు

మా అపార్ట్‌మెంట్లో నన్ను "బోర్ల మేడమ్" అంటారు. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చెప్పేస్తానని వాళ్ల నమ్మకం. నేను చేసిన ఉద్యోగం అది కాదని చాలాసార్లు చెప్పి చూశాను, ఎవరూ వినిపించుకోలేదు. ఇప్పుడు ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కోర్సు చెయ్యాలి అని అడుగుతుంటారు. ఆ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. నా చేతుల మీదుగా జరిగిన పనుల్లో ఒకదాని గురించి, అందులో నేను చేసిన పెద్ద తప్పు గురించి రాస్తాను. నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానన్నది వదిలేస్తున్నాను. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

అసలు పని

భూమి కింద నీరు కదలకుండా ఉండదు. ఇసుకలోంచి, మట్టిలోంచి, రాతి పగుళ్లలోంచి ఎటో ఒకవైపు నెమ్మదిగా పోతూనే ఉంటుంది. రోజుకు ఒక అడుగు కదిలిందంటే జోరుగా పోతున్నట్టే లెక్క. అది ఎటు పోతోంది, ఎంతకాలంలో ఎక్కడికి చేరుతుంది అని కంప్యూటర్‌లో లెక్క కట్టడమే నా పని. నేలను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో ఏ మట్టి ఉందో, నీరు ఎంత సులువుగా జారుతుందో రాసుకుంటాం. అక్కడి పరీక్ష బావుల్లో కొలిచిన నీటిమట్టం, మన లెక్కలో వచ్చిన నీటిమట్టం ఒకటయ్యేదాకా సరిచేసుకుంటూ పోతాం. అవి కుదిరాయంటే మోడల్ తయారైందని అంటాం. ఆ మాట ఎంత ప్రమాదమైనదో ఇంకాస్త చదివితే తెలుస్తుంది.

మా ఆఫీసు ద్వారకా నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. కింద రెండొందల మంది పిల్లలు ఒక్క గొంతుతో ఫార్ములాలు వల్లించేవారు. పైన మేము ఏడుగురం. మా సంస్థ పెట్టిన మూర్తిగారు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి, ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాయన. కృష్ణా జిల్లా మనిషి. గంజిపెట్టిన తెల్లచొక్కా తప్ప వేసుకునేవారు కాదు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపాడు. "క్రేన్ ఆపరేటర్ కూతురివి, బరువు ఎక్కడ పెట్టాలో నీకు తెలిసే ఉంటుంది" అని మూర్తిగారు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇంటర్వ్యూ అంటే అదొక్కటే.

చూడని ఊరు

పదేళ్ల పైమాట. ఒక చలిదేశం నుంచి మాకు పని వచ్చింది. అక్కడ ఒక పెద్ద సరస్సు ఒడ్డున పాత అణు విద్యుత్ కేంద్రం ఉంది. నడవడం ఆగిపోయింది, ఇక దాన్ని విప్పి తీసేయాలి. అణు కేంద్రానికి వయసైపోతే తాళం వేసి వెళ్లిపోవడం కుదరదు. ఇంధనం తియ్యాలి, గోడలు కొయ్యాలి, పాడైన మట్టిని తవ్వి తియ్యాలి. అన్నేళ్లలో ఒకచోట పైపు కారింది. ఆ నీటిలో ట్రిటియం ఉంది. అది రేడియోధార్మికత ఉన్న హైడ్రోజన్. ఉప్పులాగా, నూనెలాగా నీటిలో విడిగా ఉండదు, నీరే అయిపోతుంది. వడపోసి తీసేయడం కుదరదు. పన్నెండేళ్లకోసారి సగమవుతూ తనంతట తాను తగ్గాలి.

కేంద్రానికి ఒకపక్క సరస్సు. ఇంకోపక్క, ఎనిమిది వందల గజాల దూరంలో చిన్న ఊరు. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ సొంత బావి, తాగేది ఆ నీళ్లే. కారిన నీరు సరస్సు వైపు పోతుందా, ఊరి వైపు పోతుందా? మా ముందున్న ప్రశ్న అదొక్కటే. సరస్సు వైపు పోతే దారిలోనే ఆపి శుద్ధి చేసే ఏర్పాటు అప్పటికే ఉంది. ఊరి వైపు అయితే లేదు.

అక్కడి నుంచి మాతో మాట్లాడే మనిషి హెలెన్. ఆ కేంద్రంలో భూగర్భజలాల బాధ్యత ఆవిడది. నా వయసే. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పేది, అడగనిది చెప్పేది కాదు. అందులో ఆవిడ తప్పేం లేదు, అడగాల్సింది మేమే.

లేని వాగు

పనిలో ఒకచోట చిక్కుపడింది. రియాక్టర్ భవనం చుట్టూ ఉన్న పరీక్ష బావుల్లో నీరు ఉండాల్సినదానికంటే లోతుగా ఉంది. నా లెక్కలో మాత్రం పైకి వస్తోంది. మూడు వారాలు కుస్తీ పట్టాను, కుదరలేదు. మూర్తిగారు రోజూ సాయంత్రం నా కుర్చీ వెనక నిలబడి, "ఏమ్మా పద్మా, ఇంకా రాలేదా?" అనేవారు.

అక్కడ తవ్విన రెండు బోర్లలో కాస్త ఇసుక తగిలినట్టు రికార్డుల్లో ఉంది. అది పట్టుకున్నాను. ఎప్పుడో వేల ఏళ్ల కిందట అక్కడ ఒక వాగు ఉండేదనీ, అది పూడిపోయి ఇసుక పట్టీ మిగిలిందనీ, భవనం చుట్టూ ఉన్న నీరు ఆ పట్టీలోంచి సరస్సులోకి జారిపోతోందనీ ఊహించాను. మోడల్‌లో ఆ పట్టీ గీశాను. అంతే, నీటిమట్టాలన్నీ చక్కగా కుదిరిపోయాయి. గ్రాఫులో చుక్కలన్నీ గీత మీద వరసగా కూర్చున్నాయి.

మూర్తిగారు ఆ గ్రాఫు చూసి పొంగిపోయారు. "పాతవాగు! భలే పట్టావే. ఇంకేం కావాలి, పంపించెయ్" అన్నారు. ఆయనకు సొగసైన గ్రాఫు కనిపిస్తే మిగతావన్నీ మరుగునపడేవి. ఆ బలహీనత నాకూ అంటింది. నీరు సరస్సు వైపే పోతుంది, ఊరికి భయం లేదు అని రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపేశాను. ఆ రోజు అందరికీ జీడిపప్పు బర్ఫీ తెప్పించాను.

వేట లేని రోజులు

రిపోర్టు వెళ్లి నెల దాటింది. ఆ వేసవిలో ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీవాళ్లు, తమ బోరులో నీరు ఉప్పగా మారుతోందని, వచ్చి చూడమని అడిగారు. మా స్థాయికి చిన్న పనే. హార్బర్ అంటే నాకు ఇష్టం కాబట్టి నేనే వెళ్లాను. అది వేట నిషేధం కాలం. బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. వాటి నీడల్లో కూర్చుని మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. ఐస్ అడిగేవాడు లేక ఫ్యాక్టరీ మూతపడి ఉంది.

అక్కడి ఫిట్టర్ అప్పలనాయుడు నాకు బోరు చూపించాడు. యాభై దాటిన మనిషి, ఆ ఫ్యాక్టరీలోనే పాతికేళ్లుగా ఉన్నాడట. పక్కనే లారీలు తూచే కాటా ఉంది. కాటా కింద గోతిలో మోకాలిలోతు నీరు నిలిచి ఉంది. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతున్నారు.

"వానలైనా లేవు కదా, ఈ నీళ్లెక్కడివి?" అని అడిగాను.

"ఏటాదీ ఇంతేనమ్మా" అన్నాడు అప్పలనాయుడు. "యాట బందయితే మా పంపు కట్టీత్తాం. నాలుగు రోజులు తిరక్కుండా ఆ గొయ్యిలో నీరు తేలిపోద్ది. మల్లీ బోట్లెల్లినాయంటే, మా పంపు ఏసినామంటే, ఎండిపోద్ది."

"కాటావాళ్లకు ఆ సంగతి తెలుసా?"

"ఆలకేటి తెలస్తాదమ్మా! ఎండాకాలంలో గొయ్యి ఊరతందని ఒకటే గోల. మిగతా రోజుల్లో ఆ గొయ్యి పొడిగుందంటే మా పంపు సలవేనని నాను సెప్తే నవ్వుతారు. ఆల గొయ్యి మంచిదని ఆలనుకుంతారు."

ఆ గోతి అంచునే కూర్చుండిపోయాను. ఎండ తల మాడుస్తోంది. ఆ రియాక్టర్ భవనం చుట్టూ కూడా నేల ఉండాల్సినదానికంటే పొడిగా ఉంది. ఎందుకు పొడిగా ఉందో నాకు తెలియలేదు. తెలియనిచోట ఒక వాగు గీశాను.

"ఏటమ్మా అలగైపోనారు? ఎండదెబ్బేటి? నీడకి రండి, సోడా తెప్పిత్తాను" అన్నాడు అప్పలనాయుడు.

సోడా తాగాను. ఆటో ఎక్కి తిన్నగా ఆఫీసుకు వచ్చాను.

ఆ కేంద్రంవాళ్లు పంపిన డ్రాయింగులు ఒక్కొక్కటే మళ్లీ తీశాను. భవనం అడుగుభాగం చూపించే డ్రాయింగులో మూడు చిన్న సున్నాలు ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు స్తంభాలు అనుకుని తిప్పేశాను. ఈసారి పెద్దది చేసి చూస్తే, సున్నా పక్కన చీమంత అక్షరాల్లో పంపు అని రాసి ఉంది.

సాయంత్రం హెలెన్‌కు ఫోన్ చేశాను. ఆవిడ కనుక్కుని చెప్తానంది. గంట తర్వాత తిరిగి చేసింది.

"పంపులే. భవనం కట్టినప్పటి నుంచి ఆగకుండా తిరుగుతున్నాయట. పునాదిలోకి నీరు రాకుండా తోడుతుంటాయి. అవి బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్ల కింద ఉన్నాయి, నా దగ్గరికి లెక్క రాదు. తోడిన నీరు మిగతా వాడుకనీటితో కలిసి శుద్ధి ట్యాంకుకు పోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు."

"వాటిని ఎప్పుడు ఆపుతారు?"

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "ఆ భవనానికి కరెంటు వచ్చే నెల తీసేస్తున్నారు" అంది.

ఫోన్ పెట్టేసి మోడల్ తెరిచాను.

మొదటి వాక్యం

మర్నాడు పొద్దుటికి మోడల్‌లో వాగు చెరిపేసి, మూడు పంపులు పెట్టాను. నీటిమట్టాలు అప్పుడూ కుదిరాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. లేని వాగుతోనూ కుదిరాయి, ఉన్న పంపులతోనూ కుదిరాయి. పంపులు తిరుగుతున్నంతకాలం రెండు మోడళ్లకూ తేడా లేదు. పంపులు ఆపి చూస్తే మాత్రం, మొదటిదాంట్లో అసలు పంపులే లేవు కాబట్టి నీరు ఎప్పట్లాగే సరస్సుకు పోతోంది, రెండోదాంట్లో భవనం చుట్టూ నీరు లేచి, పాత పైపులు పాతిపెట్టడానికి తవ్వి కంకర నింపిన కాలవ పట్టుకుని ఊరి వైపు తిరుగుతోంది. ట్రిటియం మొదటి ఇంటి బావికి ఆరేడేళ్లలో చేరుతోంది.

మూర్తిగారి గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. కింద పిల్లలు ఏదో ఫార్ములా వల్లిస్తున్నారు, అది అయ్యేదాకా ఆగారు.

"తప్పు మనదా, వాళ్లిచ్చిన డేటాదా?" అన్నారు.

డేటాదే అనడానికి నా దగ్గర కావలసినంత ఉంది. పంపుల గురించి ఎవరూ మాటమాత్రం చెప్పలేదు. ఆయన కూడా ఆ జవాబు కోసమే చూస్తున్నారని నాకు అనిపించింది.

"డ్రాయింగులో ఉందండీ. నేనే చూసుకోలేదు."

"హు." లేచి కిటికీ మూశారు. "ఆ వాగు చూసి ఎగిరి గంతేసింది నేను. ఇసుక ఎంత మందం తగిలిందని ఒక్క ముక్క అడగలేదు. క్లాసులో పిల్లాడెవడైనా అలా గీస్తే చెవి మెలిపెట్టేవాణ్ని." మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. "ఉత్తరం నువ్వే రాయి. తప్పు జరిగింది అన్నమాట మొదటి వాక్యంలో ఉండాలి. మూడో పేజీలో దాచావంటే నేను సంతకం పెట్టను."

రాశాను. నా సంతకం కింద ఆయన సంతకం పెట్టారు. మూర్తిగారి మీద నాకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి. తొందరపెట్టేవారు, పొగిడితే లొంగిపోయేవారు, సెలవు అడిగితే మొహం మాడ్చుకునేవారు. కానీ పై అధికారి ఎలాంటివాడో మామూలు రోజుల్లో తెలియదు. అలాంటి ఉత్తరం మీద సంతకం అవసరమైన రోజున తెలుస్తుంది. ఆ ఒక్కరోజు కోసం ఆయన దగ్గర ఇంకో ఇరవై ఏళ్లైనా పనిచేసేదాన్ని.

ఒక పంపు, మూడు రోజులు

అటునుంచి కోపం రావడం సహజం, వచ్చింది. వీడియో కాల్‌లో అక్కడి ప్రాజెక్టు అధికారి, "మొన్న ఒకటి చెప్పారు, ఈరోజు ఇంకొకటి చెబుతున్నారు. ఈసారి ఎంత ఖాయం?" అని అడిగాడు. హెలెన్ తల దించుకుని కూర్చుంది.

"ఖాయం కాదు" అన్నాను. "కాబట్టి నా మాట నమ్మొద్దు. ఒక్క పంపును మూడు రోజులు ఆపండి. చుట్టూ బావుల్లో నీరు కొలవండి. నీరు కదలకపోతే నేను రెండోసారి కూడా తప్పు చెప్పినట్టే. లేస్తే, కరెంటు తీసేయకండి."

అంత సింపుల్ పరీక్ష మొదటే అడిగి ఉండాల్సింది. అందుకే పిల్లలకు చెబుతున్నాను. మీ మోడల్ ఎంత బాగా కుదిరిందో చూసి మురిసిపోకండి. అక్కడ ఏదో ఒకటి కదిపి చూడమని అడగండి. పంపు ఆపండి, పంపు వెయ్యండి, కాలవ మూయండి. నేల ఏం చేస్తుందో చూడండి. అలా కదపనిదే మీ లెక్క నిజమో కాదో తెలిసే దారి లేదు.

మూడు రోజులు ఆపారు. నీరు లేచింది. నేను చెప్పినదానికంటే తొందరగా, ఎక్కువగా లేచింది. కొత్త మోడల్ కూడా పూర్తిగా ఒప్పు కాలేదన్నమాట. దిక్కు ఒప్పు, జోరు తప్పు. కరెంటు తీసే పని ఆపేశారు. మూడు పంపులకూ వేరే లైను వేశారు. పాడైన మట్టి మొత్తం తవ్వి తీసేదాకా వాటిని ఆపకూడదని నిర్ణయించారు.

ఊళ్లో మీటింగు

ఆ తర్వాత ఒకసారి నన్ను అక్కడికి పిలిపించారు. ఊరివాళ్లకు జరిగింది చెప్పాలి, చెప్పేది తప్పు చేసిన మనిషే అయితే మంచిదని హెలెన్ పట్టుబట్టిందట. రెండు స్వెట్టర్లు, మూర్తిగారి మంకీ క్యాప్‌తో వెళ్లాను. సరస్సు మా సముద్రమంత ఉంది గానీ వాసన లేదు. నాకు అదొక వెలితిగా తోచింది.

ఊరి లైబ్రరీలో మీటింగు. నలభై మంది వచ్చారు. నేను వాగు సంగతి, పంపుల సంగతి దాచకుండా చెప్పాను. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడట.

"మొదటిసారి తప్పు చెప్పారు కదా. రెండోసారి ఎందుకు నమ్మాలి మేము?"

"నమ్మనవసరం లేదండీ" అన్నాను. "మీ ఊరి చుట్టూ ఆరు పరీక్ష బావులు ఉన్నాయి. రాబోయే సంవత్సరాల్లో ఏ బావిలో నీరు ఎంత ఉండాలో ఈరోజే కాగితం మీద రాసి ఇస్తాను. మీరే కొలవండి. నా అంకె పక్కన మీ అంకె రాయండి. తేడా వస్తే అడగండి."

ఆయన "ఆ కాగితం ఇక్కడే గోడకు పెట్టండి" అని కూర్చున్నాడు.

పెట్టాం. నెలనెలా కొలిచే పని ఆయనే తీసుకున్నాడు. హెలెన్ అప్పుడప్పుడు ఆ కాగితం ఫొటో పంపేది. నా అచ్చు అంకెల పక్కన పెన్సిల్‌తో ఆయన అంకెలు. ఒకచోట తేడా ఎక్కువొస్తే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఎందుకు అని రాశాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు రెండు నెలలు పట్టింది. మంచు కరిగిన నీరు నేను అనుకున్నదానికంటే ముందే నేలలోకి దిగుతోంది. ఏ ప్రొఫెసరూ నా మోడల్‌ను అంత శ్రద్ధగా దిద్దలేదు.

పంపులు ఆగిన రోజు

మట్టి తవ్వడం ఏళ్లు పట్టింది. ఈలోపు నేను రిటైరయ్యాను. పోయిన చలికాలంలో హెలెన్ ఫోన్ చేసింది. మట్టి అంతా తీసేశారు, భవనం అడుగు శుభ్రమైంది, సోమవారం మూడు పంపులూ ఆపుతున్నారు అని చెప్పింది. నాలుగు వారాలు వారానికోసారి మా పాత ఆఫీసుకూ, నాకూ అంకెలు పంపించింది. పునాది చుట్టూ నీరు మెల్లగా లేచింది, ఒక మట్టానికి వచ్చి ఆగింది. ఊరి బావులన్నిట్లో ట్రిటియం పరీక్షించారు. ఎక్కడా లేదు.

ఆ కబురు చెప్పడానికి మూర్తిగారింటికి వెళ్లాను. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. పక్కన కూర్చుని గట్టిగా చెప్పాను. మొత్తం విన్నాక మొదటి ప్రశ్న వేశారు.

"నువ్వు చెప్పిన మట్టానికీ, వచ్చిన మట్టానికీ తేడా ఎంత?"

"జానెడండీ."

"ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువ."

"ఎందుకు?"

"తెలీదండీ."

ఆయన నవ్వి, లోపలికి కేకేసి కాఫీ తెమ్మన్నారు. "తెలీదని ఎంత హాయిగా చెప్తున్నావే! ఊరికి ప్రమాదం లేదు కదా?"

"లేదండీ."

"మరి ఆ జానెడు సంగతి చూస్తావా?"

"రిటైరైపోయాను కదండీ."

"అయితే?"

మర్నాడు పదింటికల్లా ద్వారకా నగర్‌లో పాత మెట్లు ఎక్కాను. ఇప్పుడు నా సీట్లో పనిచేస్తున్నది సౌజన్య, శ్రీకాకుళం వైపు అమ్మాయి. తలుపు తీసేసరికి ఆమె స్క్రీన్ మీద ఆ కేంద్రం మోడలే తెరిచి ఉంది.

"నాను కూడా ఆ జానెడే సూస్తన్నాను మేడమ్" అంది తల తిప్పకుండానే. "రండి, కుర్చీ ఇటు లాక్కోండి."

లాక్కున్నాను.